శత్రువుల గ్యాలరీలో మా ఐరన్ లెగ్గు

మా పేటలో కిటికీ అద్దం పగిలితే పిలవాల్సింది ఒలెగారియోని. నలభై రెండేళ్ళుగా ఆయనకు అదే పని. సైకిల్ వెనక చెక్క చట్రంలో అద్దాలు నిలబెట్టుకుని వస్తాడు. పగిలిన ముక్కలు ఏరి, పాత పుట్టీ గీకి, కొలత తీసి, అరగంటలో కొత్త అద్దం బిగించి వెళ్ళిపోతాడు. పగలగొట్టింది ఫుట్‌బాల్ అని తెలిస్తే కూలి తీసుకోడు. "ఎవరు కొట్టారు, ఏ కాలితో?" అని మాత్రం అడుగుతాడు. ఎడమకాలితో అని చెప్తే కొట్టినవాడి పేరు రాసుకుని క్లబ్బు ఆఫీసులో ఇస్తాడు. మా జట్టుకు సరైన ఎడమకాలి ఆటగాడు దొరికి పదిహేనేళ్ళయింది మరి.

మా క్లబ్బు పేరు కుర్తిదోరెస్. బ్యూనస్ ఎయిరెస్‌కి దక్షిణాన, నది ఒడ్డున, తోళ్ళ ఫ్యాక్టరీల కార్మికులు పెట్టుకున్న క్లబ్బు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, క్లబ్బు మిగిలింది, ఆ తోళ్ళ వాసన కూడా కాస్త మిగిలింది. మూడో డివిజన్‌లో ఆడుతున్నాం. ఆడుతున్నాం అన్నమాట మర్యాద కోసం అంటున్నాను. నా పేరు నేలిదా. క్లబ్బు క్యాంటీన్ నడుపుతాను. నిప్పుల మీద సాసేజ్‌లు కాల్చి రొట్టెలో పెట్టి ఇవ్వడం, వెర్మూత్ వైన్ పొయ్యడం, కొట్టుకోబోయే ఇద్దరి మధ్య ట్రే అడ్డం పెట్టడం, ఇవీ నా పనులు. ఆ ఏడాది మూడో పనికే నా చేతులు పడిపోయాయి.

ఎందుకంటే ఆ ఏడాది చివర్లో పదకొండు మ్యాచ్‌లు ఆడి తొమ్మిది ఓడిపోయాం.

మొదటి మూడు ఓటములకూ కోచ్‌ని తిట్టారు. నాలుగూ ఐదూ గోల్‌కీపర్ ఇబార్రా ఖాతాలో వేశారు. ఆరోదానికి గడ్డి పొడుగ్గా ఉందన్నారు, ఏడోదానికి అదే గడ్డిని మరీ పొట్టిగా కోశారన్నారు. ఎనిమిదోదానికి క్లబ్బు ప్రెసిడెంటు మార్చిన సాక్సుల మీద పడ్డారు. బస్సు డ్రైవరు చీచే, లావుగా ఉంటాడని అందరూ గోర్దో అంటారు, ఆలివ్ కాయలు టేబుల్ మీద పేర్చి ఐదుగురు డిఫెండర్లతో ఎలా ఆడాలో రెండు గంటలు పాఠం చెప్పాడు. మధ్యలో ఎవరో పరధ్యానంగా సెంటర్ ఫార్వర్డ్‌ని నోట్లో వేసుకున్నారు. దాని మీద ఇంకో గొడవ.

ఒక్క మాట చెప్పాలి. ఊరు దాటి వెళ్ళి మా జట్టు ఆట చూసే వీలు మాకు లేదు. కింది డివిజన్లలో బయటి నుంచి వచ్చిన జట్టు అభిమానుల్ని గేటు దగ్గరే ఆపేస్తారు, గొడవలవుతాయని. కాబట్టి సొంత మైదానంలో ఆట కళ్ళారా చూస్తాం, బయటి ఊరి ఆట క్యాంటీన్ ఫ్రిజ్ మీది రేడియోలో వింటాం. ఎప్పుడూ కూర్చునే కుర్చీల్లోనే కూర్చుంటాం. గెలిచిన రోజు వేసుకున్న చొక్కాని మళ్ళీ ఓడిపోయేదాకా ఉతకం. ఆ ఏడాది మా వాళ్ళందరి చొక్కాలూ తళతళలాడుతున్నాయి.

తొమ్మిదో ఓటమి రోజు సాయంత్రం రోములో నోట్‌బుక్ తెరిచాడు. రోములోది మందుల షాపు. ఒలెగారియో చెల్లెలు దెల్ఫినా మొగుడు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ నలభై ఏళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న మనుషులు. రోములో ప్రతి మ్యాచ్‌కీ ఎవరు వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఏ చొక్కా వేశారు, ఏం తిన్నారు, అన్నీ రాస్తాడు. మందుల మీద కూడా అంత శ్రద్ధ పెట్టడు. ఆ సాయంత్రం లేచి నిలబడి గొంతు సవరించుకుని చదివాడు. ఓడిన తొమ్మిది మ్యాచ్‌లకీ ఒలెగారియో ఉన్నాడు. గెలిచిన రెండింటికీ లేడు. ఒకనాడు హెర్నియా ఆపరేషన్, ఇంకోనాడు మనవరాలి బాప్తిస్మం.

క్యాంటీన్ మొత్తం చల్లబడింది. అడుగుపెడితే అరిష్టం అనిపించే మనిషిని మా దేశంలో మూఫా అంటాం. మామూలు మాటలో ఐరన్ లెగ్గు. మూఫా ఎదురైతే దోషం తగలకుండా మగవాళ్ళు ఎడమచేత్తో ఎక్కడ తాకుతారో నేను రాయను. ఆడవాళ్ళం ఎడమ రొమ్ము తాకుతాం. టేబుళ్ళ కింద చేతులు కదిలాయి. నా చెయ్యి కూడా దానంతటదే పోయింది. ఒలెగారియో అది చూశాడు. ఆ చూపు తల్చుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన ముందు నవ్వాడు. తోడు నవ్వేవాళ్ళ కోసం చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, వచ్చే శనివారం రానని, చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం మా మైదానంలో ఒకటి సున్నాతో గెలిచాం. కార్నర్ కిక్ ఎవరి వెనక భాగానికో తగిలి గోల్లోకి పోయింది. ఎలా పోతే ఏం, గెలిచాం. ఒలెగారియో తలరాత కూడా అక్కడే రాసేశారు.

తర్వాతి వారం బయటి ఊళ్ళో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఒలెగారియో తన వర్క్‌షాపులో ఉన్నాడు, రేడియో దగ్గర లేడు. అమ్మయ్య, మచ్చ పోయింది అనుకున్నాను. రోములో వదుల్తాడా. వెళ్ళి విచారణ చేశాడు. మ్యాచ్ టైములో ఏం చేస్తున్నావంటే అద్దం కోస్తున్నానని ఈయన. స్కోరు తెలిసిందా అంటే, అబద్ధం ఆడటం రాని మనిషి, గోడ అవతల ఎవరో రేడియో పెట్టుకుంటే చెవిన పడిందన్నాడు. విన్నా లెక్కేనని రోములో తీర్పు. ఆ తర్వాత వారం ఒలెగారియో రోములో షాపుకే వెళ్ళి చెవుల్లో పెట్టుకోవడానికి దూది కొన్నాడు. రోములో తలెత్తకుండా పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ వారం మ్యాచూ పై వారం మ్యాచూ డ్రా అయ్యాయి. డ్రా అంటే దూది సగం పనిచేసినట్టని గోర్దో వివరణ.

నవ్వొచ్చే సంగతే కానీ ఆయనకు నవ్వు కాదు. వీధిలో ఎదురొస్తే జనం అటువైపు దాటేవారు. మూఫా పేరు నోటితో పలకకూడదు కాబట్టి "ఆయన" అనేవారు. మా ఎదురింటావిడ పగిలిన వంటింటి కిటికీకి అట్టముక్క పెట్టుకుని సీజను అయిపోయేదాకా ఆగుతానంది. దెల్ఫినా మాత్రం అన్న పక్షం. మొగుడికి నెలరోజులు చల్లారిన సూపే పోసింది. నేను ఒలెగారియో కుర్చీ తీసి గోడవారగా పెట్టాను. ఖాళీగా కనిపిస్తుంటే చూడలేకపోయాను.

చివరి మ్యాచ్ దగ్గరికొచ్చింది. నది అవతల మొలినేరోస్ క్లబ్బు మైదానంలో. పిండిమరల వాళ్ళ జట్టు, ఎరుపు తెలుపు జెర్సీ. వందేళ్ళ పగ. గెలిస్తే మూడో డివిజన్‌లో ఉంటాం. డ్రా అయినా నాలుగో డివిజన్‌కి జారిపోతాం. మా తాతల కాలం నుంచి నాలుగో డివిజన్ మొహం చూడలేదు మేము.

గురువారం సాయంత్రం క్యాంటీన్‌లో చెవులు చిల్లులు పడేంత చర్చ. మళ్ళీ కోచ్, మళ్ళీ గడ్డి, అది మా గడ్డి కాదని ఎవరికీ గుర్తు లేదు. ఒకడు పూజారిని పిలిపించి గోల్ స్తంభాలకు ఆశీర్వాదం పెట్టిద్దామన్నాడు. ఇంకొకడు ఇబార్రాకి కళ్ళజోడు పెట్టిద్దామన్నాడు. అప్పుడు గోర్దో రొట్టె నములుతూ, నమలడం ఆపకుండానే, ఒక మాట అన్నాడు.

"ఆయన దోషం అంత గట్టిదైతే, దాన్ని ఇంట్లో పెట్టుకుని దూది కుక్కడం ఎందుకు? వాళ్ళ మీదికి పంపితే పోలా?"

ఎవరికీ ముందు ఎక్కలేదు. ఎక్కాక టేబుళ్ళు ఎగిరాయి. ఒలెగారియో మొలినేరోస్ మనిషిలా వాళ్ళ గ్యాలరీలో కూర్చోవాలి. వాళ్ళ కండువా కప్పుకోవాలి. వాళ్ళు గెలవాలని అరవాలి. ఆ అరిష్టమంతా వాళ్ళకు చుట్టుకుంటుంది. ముసలివాళ్ళు కుర్చీలెక్కి గోర్దోని ముద్దులు పెట్టుకున్నారు. రోములో ఒక్కడే చెయ్యెత్తి ఆపి ఒక షరతు పెట్టాడు. పైపైన అరిస్తే కుదరదు, మనసారా వాళ్ళ పక్షం ఉండాలి, తొంభై నిమిషాలూ. ఇది అడగడానికి ఎవరు వెళ్తారంటే అందరూ నావైపు తిరిగారు. చెల్లెలి మొగుడయ్యుండి రోములో కూడా నావైపే.

వెళ్ళాను. వర్క్‌షాపులో పుట్టీ పిసుకుతున్నాడు. చుట్టూ గోడలకి చేరేసి అద్దాలు, ప్రతి అద్దంలోనూ తప్పుచేసినదాని మొహం పెట్టుకుని నేనే. చెప్పాల్సింది ఒక్క ఊపిరిలో చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. పుట్టీ ముద్ద బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుని అన్నాడు.

"ఒకటి అడుగుతా నేలీ. మనం గెలిచామనుకో, నేను మూఫా అని ఖాయమైపోతుంది కదా? ఇక చచ్చేదాకా మైదానం గుమ్మం తొక్కనివ్వరు."

నిజమేనని తలూపాను.

"ఓడిపోతే నామీద మచ్చ పోతుంది. నేను ఏ పాపం ఎరగనట్టే. కానీ మనం నాలుగో డివిజన్‌కి పోతాం."

గెలిచినా ఓడినా ఆ మనిషి మెడకే ఉరి. ఈ సంగతి క్యాంటీన్‌లో అంతమంది మేధావుల్లో ఒక్కడికీ తట్టలేదు, నాతో సహా. ఏడుపొచ్చింది. వద్దులే ఒలెగారియో, నేను వెళ్ళి వాళ్ళ మొహాన చెప్తానని లేచాను.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం బయల్దేరాం. మొగుడూ పెళ్ళాల్లా వెళ్తే అనుమానం రాదని నేను తోడు. క్యాంటీన్ నిప్పులు గోర్దోకి అప్పగించాను. సాసేజ్‌లు బొగ్గయిపోతాయని తెలిసే అప్పగించాను. మా దూరపు చుట్టం దగ్గర ఎరుపు తెలుపు కండువాలు రెండు దొరికాయి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒలెగారియో మొలినేరోస్ పాటలు నేర్చుకున్నాడు. ఒక పాటలో మా తోళ్ళ కంపు గురించి నాలుగు చరణాలుంటాయి. దాన్ని పళ్ళ బిగువున మూడుసార్లు పాడుకున్నాడు.

వాళ్ళ గ్యాలరీ నిండిపోయింది. గోల్ వెనక పిండిమర ధాన్యపు సైలో గోపురంలా నిలబడి ఉంది. మా పక్కన ఎఫ్రాయిన్ అని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. మరలో పనిచేసి రిటైరైన మనిషి, చంకలో ఫ్లాస్కు. మాతే, అంటే మా ఆకు టీ, కలిపి మొదటి గుక్క తను తాగి, రెండోది ఒలెగారియోకి ఇచ్చాడు. ఒకే గొట్టంతో శత్రువు మాతే తాగడం మా వాళ్ళలో ఎవరూ చెయ్యని పని. ఒలెగారియో తాగి, థాంక్స్ చెప్పి, మొలినేరోస్ అని గట్టిగా అరిచాడు. ఆయన గొంతు సంగతి మీకు చెప్పలేదు. వీధి ఈ చివర అద్దాలో అని అరిస్తే ఆ చివర కుక్కలు లేస్తాయి.

పదో నిమిషంలో మొలినేరోస్ బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. ఇరవై అయిదో నిమిషంలో పైకమ్మీకి తగిలింది. ఒలెగారియో లేచి నిలబడి చేతులూపుతూ వాళ్ళ పదో నెంబరు ఆటగాణ్ణి పేరు పెట్టి దీవించాడు. మరు నిమిషం ఆ పదో నెంబరు కాలు పట్టేసి కుంటుకుంటూ బయటికి పోయాడు. నలభయ్యో నిమిషంలో వాళ్ళు గోల్ కొట్టేశారు, గ్యాలరీ లేచి గంతులేసింది, నా ప్రాణం పోయింది. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్. ప్రాణం తిరిగొచ్చింది. ఇది మామూలు దోషం కాదు, గోర్దోకి గుడి కట్టాలి అనుకుంటూ సంబరంగా ఒలెగారియో వైపు తిరిగాను.

ఆయన మొహం పాలిపోయి ఉంది. నా చెవి దగ్గరికి వంగాడు.

"చూశావా నేలీ. నిజమే అన్నమాట. ఇన్నేళ్ళూ మనల్ని ఓడించింది నేనే."

అంతవరకూ ఆయన నమ్మలేదని, మా మాట కాదనలేక వచ్చాడని అప్పుడు తెలిసింది. తర్వాత లేచి అంతకు రెట్టింపు గొంతుతో మొలినేరోస్ అని మొదలెట్టాడు. చుట్టుపక్కలవాళ్ళు ఈయన్ని చూసి ఉత్సాహం తెచ్చుకున్నారు. ఎఫ్రాయిన్ అయితే ఇంత నిఖార్సైన మొలినేరోస్ మనిషిని ఇన్నాళ్ళూ ఎలా చూడలేదబ్బా అని ఆశ్చర్యపోయాడు.

డెబ్భై ఒకటో నిమిషంలో మా డిఫెండర్ సోసా మోకాలికి తగిలి బంతి వాళ్ళ గోల్లోకి పోయింది. మేం ఒకటి, వాళ్ళు సున్నా.

శత్రువుల మధ్య కూర్చుని గోల్ మింగడం అంటే ఏంటో మింగినవాళ్ళకే తెలుస్తుంది. అరుపు కడుపులో పుట్టి గొంతు దాకా వస్తుంది, దాన్ని వెనక్కి తొయ్యాలి. నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగాను. వేసుకున్నవి చెప్పులు. ఒలెగారియో రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు, ఓడినవాడు పెట్టుకున్నట్టే. కానీ కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ఎఫ్రాయిన్ చూసి జాలిపడి భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు. ఏడవకు తమ్ముడూ, ఇంకా టైముంది, గెలుస్తాం అని ఓదార్చాడు. ఈయన ఆ భుజం మీదే తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనందమో దుఃఖమో ఆ క్షణాన ఆయనకైనా తెలుసో లేదో.

ఎనభై ఎనిమిదో నిమిషంలో మా వాడి చేతికి బంతి తగిలింది. రిఫరీ చుక్క వైపు చూపించాడు. వాళ్ళకు పెనాల్టీ.

గ్యాలరీ ఒక్క పెట్టున లేచింది. నేను ఒలెగారియో మోచెయ్యి పట్టుకున్నాను. వాళ్ళ కోసం అరవయ్యా, ఇప్పుడే, గట్టిగా అరవయ్యా అని గింజుకున్నాను. ఆయన నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచాడు. అక్కడ గోల్ ముందు ఇబార్రా ఒంటరిగా నిలబడి గ్లవ్స్ మీద ఉమ్మేసుకుంటున్నాడు. ఇన్ని ఓటముల్లో ఎన్ని తిట్లు తిన్నాడో. ఒలెగారియో వాడివైపే చూస్తున్నాడు.

"ఇక నావల్ల కాదు నేలీ," అన్నాడు.

పెనాల్టీ కొట్టేవాడు బంతి చుక్క మీద పెట్టి వెనక్కి నడిచాడు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో ఒలెగారియో బెంచీ ఎక్కి, ఎరుపు తెలుపు కండువా లాగి కింద పడేసి, అద్దాలో అని వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతుతో అరిచాడు.

"ఇబార్రా! మేం ఉన్నాంరా నాయనా! కుర్తిదోరెస్!"

వేల తలలు ఇటు తిరిగాయి. కొట్టేవాడు పరిగెత్తాడు. ఇబార్రా తన కుడివైపుకి పడ్డాడు. బంతి వాడి మణికట్టుకి తగిలి స్తంభం పక్కనుంచి బయటికి పోయింది. గ్యాలరీకి నోటమాట పడిపోయింది. వేలమంది మధ్య ఒకే ఒక్క గొంతు కుర్తిదోరెస్, కుర్తిదోరెస్ అని అరుస్తోంది. కాదు, రెండు. రెండోది నాదని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

చొక్కాలు పట్టుకున్నారు, తోశారు, ఎవరో నా జుట్టు లాగారు. ఎఫ్రాయిన్ మధ్యలో దూరి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. వీళ్ళు నా మాతే తాగారు, ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని కేకలేస్తూ మమ్మల్ని మెట్ల మీదుగా గేటు దాకా నెట్టుకొచ్చాడు. కోపంతో ఆయన మీసం వణుకుతోంది.

"నా భుజం మీద ఏడ్చావు కదయ్యా," అన్నాడు ఒలెగారియోతో.

"నిజంగానే ఏడ్చాను అన్నా," అన్నాడు ఒలెగారియో.

గేటు మూసుకుంది. ఇంకా ఆట మిగిలే ఉంది. ఇద్దరం గోడకి చెవులు ఆనించాం. లోపల గర్జన వినిపిస్తే మా పని అయిపోయినట్టు. నిశ్శబ్దంగా ఉంటే బతికినట్టు. అన్ని వేలమంది నోరెత్తకుండా ఉండాలని నేను మరియమ్మకి మొక్కుకున్నాను. నిమిషం, రెండు, నాలుగు. ఒకసారి హో అని లేచింది, ఒలెగారియో నా చెయ్యి నలిపేశాడు, అది మళ్ళీ అయ్యో అని కిందికి దిగింది. చివరికి రిఫరీ విజిల్ మూడుసార్లు. ఆ వెంటనే గ్యాలరీ అంతా సొంత జట్టు మీదే కోపంగా ఈలలు వేయడం మొదలెట్టింది. అంత కమ్మటి ఈలలు నేను జన్మలో వినలేదు. ఒలెగారియో నన్ను గాల్లోకి ఎత్తి ఆ ఫుట్‌పాత్ మీదే గిరగిరా తిప్పాడు. హెర్నియా ఆపరేషన్ అయిన మనిషి.

ఇంకా పొద్దు ఉండగానే పేటకి చేరాం. వీధంతా డప్పులు, టపాసులు, ఇక ఉతకని చొక్కాలు. క్యాంటీన్ గుమ్మం దాకా వచ్చి ఒలెగారియో ఆగిపోయాడు. లోపలికి పిలుస్తారో లేదో తెలియక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. నేను చెప్పాలనుకున్నది చాలా ఉంది. గోల్ మింగిన సంగతి, పెనాల్టీ సంగతి, మన కోసం అరిచినా గెలిచాం కాబట్టి ఈయన మూఫా కాదన్న సంగతి. చెప్పక్కర్లేకపోయింది. రేడియోలో అంతా వినిపించిందట. పెనాల్టీ ముందు నిశ్శబ్దంలో, వ్యాఖ్యాత మైకులోంచి, ఆ గొంతు క్యాంటీన్‌లోకి వచ్చిందట. రోములో కుర్చీ తన్నేసి లేచి, నోర్ముయ్ బావా, నోర్ముయ్, చంపేశావు మమ్మల్ని అని రేడియోని పట్టుకుని ఊపేశాడట. బంతి బయటికి పోయాక ఆ రేడియోనే కావిలించుకుని ఏడ్చాడట. ఇది గోర్దో నాకు నటించి చూపించాడు. వెనక నా సాసేజ్‌లు బొగ్గుల్లో బొగ్గులై ఉన్నాయి.

రోములో గుమ్మం దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషిని నెలరోజులుగా పేరు పెట్టి పిలవనివాడు.

"తప్పు నాది బావా," అన్నాడు.

చర్చ ఆగుతుందనుకుంటే మీకు మా వాళ్ళు తెలియనట్టే. సగంమంది ఆయనకు దోషమే లేదని, ఎనభై ఎనిమిదో నిమిషంలో తేలిపోయిందని అన్నారు. మిగతా సగం, స్తంభానికి తగిలిన బంతులూ ఆఫ్‌సైడూ పదో నెంబరు కాలూ ఎవరి ఖాతాలో వెయ్యాలి అని నిలదీశారు. గోర్దో ఇంతలో ఆలివ్ కాయలు పేర్చాడు. వాటి మీదికి వంగి ఒలెగారియో కాదు కాదు అంటూ కాయలు జరపడం మొదలెట్టాడు. సోసా ఇక్కడ లేడు, ఇటునుంచి వచ్చాడు. ఇబార్రా ముందే కుడివైపుకి ఒరిగాడు, నేను చూశాను. గ్లవ్స్ మీద ఉమ్మేసుకున్నాడు, రెండుసార్లు.

అప్పుడు ఒకరి తర్వాత ఒకరు నోళ్ళు మూసుకున్నారు. ఇంతమందిలో ఆ గోల్ కళ్ళారా చూసింది ఆయనా నేనూ మాత్రమే. మిగతావాళ్ళంతా ఫ్రిజ్ మీది రేడియోని చూశారు. సోసా మోకాలికి ఎక్కడ తగిలింది, లోపలా బయటా అని ఎవరో చిన్నగా అడిగారు. ఆఫ్‌సైడ్ నిజంగా ఆఫ్‌సైడేనా అని ఇంకొకరు. మళ్ళీ చెప్పమన్నారు. మొదట్నుంచి చెప్పమన్నారు. ఒలెగారియో చెప్పాడు, నిలబడి చెప్పాడు, బెంచీ ఎక్కి చెప్పాడు. పెద్దవాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇరవై ఏళ్ళుగా బయటి ఊళ్ళో మా జట్టు గోల్ కొట్టడం చూసిన మనిషి మా పేటలో లేడు మరి.

నాలుగోసారి చెప్పడం అయ్యాక, వచ్చే ఏడాది మొదటి మ్యాచ్‌కి సొంత మైదానంలో పాత చోటే నీకు, ఎవడు కాదంటాడో చూస్తానని గోర్దో అన్నాడు. వస్తానన్నాడు ఒలెగారియో. బయటి ఊరి మ్యాచ్‌ల మాట ఏమిటని ఎవరో అడిగారు. ఆయన ఆలివ్ కాయ ఒకటి నోట్లో వేసుకుని తాపీగా నమిలాడు. దోషం ఉందో లేదో ఇంకా తేలలేదు కదా, జాగ్రత్త కోసం వాళ్ళ గ్యాలరీలోనే కూర్చుంటానన్నాడు. ప్రతి ఊళ్ళోనూ.

రోములో నోట్‌బుక్ చంకలో పెట్టుకుని పక్కకి జరిగి కూర్చున్నాడు. దగ్గాడు. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"బావా, ఆ తొమ్మిది ఓటముల్లో నేనూ ఉన్నాను కదా. నాక్కూడా కాస్తో కూస్తో దోషం ఉందేమో ఒకసారి చూడు."

ఒలెగారియో నోట్‌బుక్ తీసుకుని పేజీలు తిరగేశాడు. ఒక్కో లైనూ వేలితో చూస్తూ చదివాడు. చివరికి మూసి తిరిగిచ్చేశాడు.

"నీకంత లేదు బావా," అన్నాడు. "అయినా రా. సాధన చేస్తే వస్తుంది."